బెల్లంపల్లి చర్చిలో ‘ప్రోగ్రెసివ్ రాక’

బెల్లంపల్లి పోయి వచ్చానని చెబితే మా కాలనీలో ముగ్గురు వేర్వేరుగా ఒకే ప్రశ్న అడిగారు: “ఎవరు పోయిండ్రు?” మా కరీంనగర్‌లో దుబాయి పోవడానికి కారణం అక్కర్లేదు. బెల్లంపల్లి పోవాలంటే మాత్రం చావో పెళ్ళో ఉండాలి. కచేరీ వినడానికి పోయానన్నాను. ఇద్దరు నా మీద జాలిపడ్డారు. మూడో ఆయన, పక్కింటి రిటైర్డ్ తహసీల్దారు, “మీ ఇంటామెను గూడ తీస్కపోయినవా?” అని మా ఆవిడ మీద జాలిపడ్డాడు.

నేను ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ముప్పై ఏళ్ళుగా ప్రోగ్రెసివ్ రాక్ వింటున్నాను. అప్పట్లో మా చిన్నాయన దుబాయి నుంచి సెలవుకు వస్తూ ఒక సూట్‌కేసు నిండా పాత క్యాసెట్లు తెచ్చాడు. అక్కడ ఎవరో గది ఖాళీ చేస్తూ పారేసినవి. వాటిలో పేరు లేని ఒక క్యాసెట్ నన్ను చెడగొట్టింది.

ఈ సంగీతం తెలియని అదృష్టవంతుల కోసం రెండు మాటలు చెబుతాను. ఒక్కో పాట ఇరవై నిమిషాలుంటుంది. మాటలు తక్కువ, ఉన్నా అర్థం కావు. మామూలు పాట నాలుగు లెక్కలో నడుస్తుంది. ఇది ఏడులో నడుస్తుంది, మీరు ఏడుకు అలవాటుపడే సమయానికి తొమ్మిదికి మారుతుంది. దీనికి డాన్స్ చేయబోయినవాడు కిందపడతాడు. కరీంనగర్ మొత్తంలో ఇది అర్థమయ్యేది నాకొక్కడికే అని నా నమ్మకం. ఎవరూ కాదనలేదు, ఎవరికీ అక్కర్లేదు గనక.

అక్కర ఉన్న ఒకే ఒక్క మనిషి బెల్లంపల్లిలో దొరికాడు. పేరు ఆశీర్వాదం. గనిలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు, అక్కడి పాత చర్చికి సెక్రటరీ. ఇలాంటి సంగీతం వినేవాళ్ళ గ్రూపులో నాలుగేళ్ళ కింద ఫోన్లో పరిచయం. అతను వినయంగా సందేహాలు అడిగేవాడు, నేను పరీక్ష పేపర్లు దిద్దినట్టు జవాబులిచ్చేవాణ్ణి. మొఖాలు చూసుకోలేదు.

హైదరాబాద్‌లో ‘పిల్లర్ నంబర్ జీరో’ అని ఒక బ్యాండు ఉంది. నలుగురు మనుషులు. వాళ్ళకు ఏదైనా పాత చర్చిలో వాయించి వీడియో తీసుకోవాలని కోరిక. ఆశీర్వాదానికి వాళ్ళను ఎదురుగా కూర్చుని వినాలని కోరిక. చర్చి పెద్దలకు ఏ కోరికా లేదు. ఏడాదిపాటు వాళ్ళ వెంట తిరిగి, చివరికి నాలుగు షరతుల మీద ఒప్పించాడు: చెప్పులు బయట విడవాలి, పొగ వదలకూడదు, ముందు ప్రార్థన ఉండాలి, సాయంత్రం ఆరుకల్లా ముగియాలి. ఐదో షరతు ఆశీర్వాదం ఒక్కడికే: ఏదైనా తేడా వస్తే సెక్రటరీ పదవి వదిలెయ్యాలి. ఆ పదవిలో ఇరవై రెండేళ్ళుగా ఉన్నాడు. భార్య పోయాక ఇంట్లో కంటే చర్చిలోనే ఎక్కువసేపు ఉంటున్నాడని నాకు తర్వాత తెలిసింది.

మంచిర్యాల బస్సు, శుక్రవారం

మా ఆవిడ సరోజ వస్తాననడం నాకు కొంచెం అనుమానంగానే అనిపించింది. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో నా సంగీతానికి ఆమె చేసిన ఏకైక సేవ, అది మొదలవగానే వంటింటి తలుపు వేసుకోవడం. కానీ ఆమె పుట్టి పెరిగింది బెల్లంపల్లి గని క్వార్టర్లలో. వాళ్ళ బాపు రిటైరయ్యాక అందరూ చెన్నూరు వైపు వెళ్ళిపోయారు, మళ్ళీ అటు పోయే పని పడలేదు. “నీ పాట నువ్వు విను, నేను మా ఊరు చూస్త,” అంది.

పెద్దపల్లి దాటాక ఆమె చెవిలో ఒక ఇయర్‌ఫోన్ పెట్టి పాఠం మొదలుపెట్టాను. వేళ్ళు ముడుస్తూ ఏడు లెక్కపెట్టడం నేర్పాను. ఇది పాశ్చాత్య దేశాల్లో కూడా అందరికీ పట్టుబడే విద్య కాదని చెప్పాను. సరోజ మూడు రౌండ్లు లెక్కపెట్టి, ఇయర్‌ఫోన్ తీసి నా చేతిలో పెట్టి, సంచిలోంచి సర్వపిండి ముక్క తీసి తినడం మొదలుపెట్టింది.

పక్క సీటులో ఒకాయన, కతార్ నుంచి రెండేళ్ళకు సెలవు మీద వచ్చాడట, ఒళ్ళో పెద్ద దుప్పటి మూట పెట్టుకుని మా పాఠం అంతా విన్నాడు. చెన్నూరు పోతున్నాడు.

“సార్, గిది డీజేనా?” అన్నాడు.

కాదన్నాను. ఎంత కాదో వివరంగా చెప్పాను.

“సౌండ్ బాక్సులెన్ని?”

“నాలుగు ఉంటాయేమో.”

ఆయన మొఖంలో నాకు చాలా పరిచయమైన జాలి కనపడింది. “మా ఊర్ల గణపతికి ముప్పై ఆరు పెట్టిన్రు సార్. నేను రాలేకపోయిన, వీడియో కాల్ల చూపిచ్చిన్రు. ఫోన్ల గూడ గుండె అదిరింది.” నన్ను బాధపెట్టానేమో అనుకున్నట్టు, “నాలుగు గూడ మంచిగనే ఉంటయిలే,” అని దుప్పటి మూట మీద తల పెట్టి పడుకున్నాడు.

మంచిర్యాల లాడ్జిలో వేడినీళ్ళు ఉన్నాయన్నారు. ఉన్నాయి, కింది అంతస్తులో బకెట్టులో. మోసుకుని పైకి తెచ్చేసరికి చల్లబడ్డాయి. బయట బండి మీద మిర్చి బజ్జీ మాత్రం మా కరీంనగర్ దానికంటే బాగుంది. నలభై రూపాయలకు ఇద్దరికీ మంట పుట్టింది. ఇది మా ఊళ్ళో ఒప్పుకోను.

ఏ గని?

శనివారం పొద్దున వాన కురిసి తగ్గింది. ప్యాసింజరు రైలులో బెల్లంపల్లి దిగాం. కరీంనగర్‌లో కొత్త మనిషి కనిపిస్తే ముందు “ఏ ఊరు?” అంటారు, మూడో ప్రశ్నకల్లా కులానికి వచ్చేస్తారు. బెల్లంపల్లిలో మొదటి ప్రశ్న “ఏ గని?” స్టేషను బయట చాయ్ హోటలాయన నన్ను అదే అడిగాడు. నాకే గనీ లేదంటే చాయ్ ఇవ్వడానికి కొంచెం తటపటాయించాడు. సరోజ ముందుకొచ్చి వాళ్ళ బాపు పనిచేసిన గని నంబరు చెప్పింది. ఆయన గల్లాపెట్టె వదిలి బయటికి వచ్చాడు. ఆ గని మూసేసి ఏళ్ళయిందని, తన మామ కూడా అందులోనే చేశాడని, ఎవరెవరు ఏ షిఫ్టులో ఉండేవాళ్ళో ఇద్దరూ నిలబడి చెప్పుకున్నారు. చాయ్‌కి డబ్బులు తీసుకోలేదు. కులం సంగతి కూడా తర్వాత వచ్చింది, కానీ బిస్కెట్ల తర్వాత.

అక్కడి నుంచి పాత క్వార్టర్లకు ఆటోలో పోయాం. సగం కూల్చేశారు, మిగిలిన సగం కూలడానికి నిలబడి ఉన్నాయి. గోడల మధ్య తుమ్మ చెట్లు పెరిగాయి. పైకప్పు లేని ఒక గది ముందు సరోజ ఆగింది.

“గిదే మా ఇల్లు,” అంది. “గీడ పొయ్యి ఉండె. గా కిటికీ...”

మూడింటికి కచేరీ. అంతకుముందు సౌండ్ సరిచూస్తారు, అది వినడమే అసలు రసికుల లక్షణం. నేను గడియారం చూశాను. ఆటో ఆయన్ని స్టార్ట్ చేయమన్నాను. సరోజ వాక్యం పూర్తి చేయకుండానే వచ్చి కూర్చుంది. ఇది రాయకపోయినా నడిచేది. కానీ రాయకపోతే తర్వాత జరిగినదానికి నేను అర్హుణ్ణి కాదని మీరు అనుకుంటారు.

సున్నం

బ్యాండు పోస్టరు నేను ఫోన్లో చూశాను. అందులో చర్చి ఫొటో నల్లటి మబ్బుల కింద, పెచ్చులూడిన గోడలతో, లోపల దెయ్యాలున్నట్టు ఉంది. కింద ‘కాలం మరిచిన ఆలయంలో’ అని రాశారు. కాలం ఏమీ మరవలేదు. ప్రతి ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు అక్కడ ఆరాధన జరుగుతుంది.

మేం పోయేసరికి చర్చి తెల్లగా మెరిసిపోతోంది. హైదరాబాద్ నుంచి చుట్టాలొస్తున్నారని సంఘస్తులంతా వారం రోజులు కష్టపడి లోపలా బయటా సున్నం వేశారు. రాతి స్తంభాలకు లేత నీలం రంగు పూశారు. ఈ గోడ నుంచి ఆ గోడకు రంగు కాగితాల తోరణాలు కట్టారు. ఎనిమిది కొత్త ట్యూబులైట్లు బిగించారు. బ్యాండులో గిటారు వాయించే విక్రాంత్, అతనే నాయకుడు, జుట్టు నడుము దాకా ఉంటుంది, గుమ్మంలో నిలబడి ఆ ట్యూబులైట్ల వైపు చూస్తున్న చూపు నేను మరిచిపోలేను.

“అంకుల్, ఆ పెచ్చులూడిన గోడ ఏది?” అని అడుగుతున్నాడు.

“మొత్తం బాగు చేయించినం సార్, ఫికర్ చెయ్యకుండ్రి,” అంటున్నాడు ఎదురుగా ఉన్న సన్నటి, పొడుగాటి మనిషి. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, జేబులో టెస్టరు. అతనే ఆశీర్వాదం.

కరీంనగర్ నుంచి వచ్చానని చెప్పగానే నా రెండు చేతులూ పట్టుకున్నాడు. “సార్, మీరొచ్చిన్రు, నాకిగ చాలు,” అన్నాడు. మగవాళ్ళ వైపు ముందు వరుసలో ఒక కుర్చీ చూపించాడు. దాని వెనక కాగితం అతికించి ఉంది: ‘కరీంనగర్ సార్’. నేను మొహమాటం నటించి కూర్చున్నాను.

గేటుకు కట్టిన ఫ్లెక్సీ గురించి చెప్పాలి. ‘ప్రోగ్రెసివ్ రాక్ సంగీత సభ’ అని రాయమని ఇస్తే, ఆ ఫ్లెక్సీ కొట్టినవాడు రాక్ మీది పొల్లు ఎగరగొట్టాడు. ‘ప్రోగ్రెసివ్ రాక’ అని వచ్చింది. వారం రోజులుగా ఊరంతా అది చదివింది. యేసు ప్రభువు మళ్ళీ వచ్చే రోజు, అంటే రాకడ, దాని మీద హైదరాబాద్ వాళ్ళు సందేశం ఇస్తారని సంఘం ఆడవాళ్ళు వంటలు ముగించుకుని, తెల్లచీరల్లో, బైబిళ్ళు పట్టుకుని వచ్చారు. యాభై మంది దాకా ఉంటారు. మగవాళ్ళు, ఎక్కువగా రిటైరైన గని కార్మికులు, ఓ ఇరవై మంది.

హైదరాబాద్ నుంచి కార్లలో వచ్చినవాళ్ళు ఇరవై అయిదు మంది ఉంటారు. నల్ల చొక్కాలు. వాళ్ళలో టోపీ పెట్టుకున్న ఒకాయన చర్చి చుట్టూ తిరిగి, సున్నం వేయడం మరిచిపోయిన ఒకే ఒక్క మూలను కనిపెట్టాడు. అది బాత్‌రూమ్ వెనక. అందరూ వరుసగా వెళ్ళి అక్కడ నిలబడి ఫొటోలు దిగారు.

మొదటి సగం

ముందు ప్రార్థన. షరతే కదా. పాస్టరుగారు వర్షాల కోసం, మూతపడుతున్న గనుల కోసం, గల్ఫ్‌లో ఉన్న పిల్లల కోసం, రోగుల కోసం ఒక్కొక్కరి పేరూ చెప్పి ప్రార్థించారు. చివర్లో “ఈ బిడ్డల వాయిద్యములను, వారి పొడవాటి వెంట్రుకలను కూడా” ఆశీర్వదించమన్నారు. పద్దెనిమిది నిమిషాలు పట్టింది. నల్ల చొక్కాలవాళ్ళు విసుక్కున్నారు. ఇరవై మూడు నిమిషాల పాట కోసం మూడు వందల కిలోమీటర్లు వచ్చినవాళ్ళు!

తర్వాత బ్యాండు మొదలుపెట్టింది. కీబోర్డు దగ్గర మేఘన అనే అమ్మాయి, డ్రమ్స్ మీద ఒకతను, బేస్ మీద ఒకతను, ముందు విక్రాంత్. నేను నిజం చెబుతాను: మొదటి స్వరం ఆ ఎత్తయిన పైకప్పుకు తగిలి తిరిగి వచ్చినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ముప్పై ఏళ్ళు సన్నటి తీగలోంచి విన్నదాన్ని మొదటిసారి గాలిలో విన్నాను. ఆశీర్వాదం స్విచ్‌బోర్డు పక్కన నిలబడి కళ్ళు మూసుకున్నాడు, చెయ్యి మెయిన్ మీదే ఉంచి.

రెండో పాట ఏడు లెక్కలో. నేను చూపుడువేలితో మోకాలి మీద కొడుతూ తల ఊపుతున్నాను, చూసేవాళ్ళకు తెలిసేలాగానే. అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి చప్పట్లు వినపడ్డాయి. ముందు వరుసలో మార్తమ్మ అని డెబ్బై ఏళ్ళావిడ, ఒళ్ళో కంజర పెట్టుకుని ఉంది, చప్పట్లు కొడుతోంది. పక్కన మా సరోజ.

టోపీ ఆయన అటు తిరిగి పెదాల మీద వేలు పెట్టి ఆవిడను గద్దించాడు. నేను కూడా తిరిగి, క్లాసులో అల్లరి చేసే పిల్లల వైపు చూసే చూపు ఒకటి చూశాను. మార్తమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. సరోజ నా వైపు చూసింది. ఆ చూపును నేను అనువదించను.

ఆవిడ చప్పట్లు లెక్క తప్పాయా లేదా అన్నది మాత్రం నేను గమనించలేదు.

ఢాం

ఊరికి కొంత దూరంలో ఓపెన్ కాస్ట్ గని ఉంది. నేలలోపలికి పోకుండా నేలనే పేల్చి బొగ్గు తీస్తారు. మామూలుగా మధ్యాహ్నం పేలుస్తారట. ఆ రోజు పొద్దుటి వానకు ఆలస్యమైంది. ఇక ఉండదనుకున్నాడు ఆశీర్వాదం. పేల్చేముందు సైరన్ మోగుతుంది. సైరన్ మోగింది కూడా. కానీ అప్పుడు విక్రాంత్ సోలో నడుస్తోంది, రెంటికీ తేడా తెలియలేదు.

అసలు పాట, ఇరవై మూడు నిమిషాలది, నేను వచ్చిందే దానికోసం, అప్పుడే మొదలైంది. మేఘన ఒక్కతే చాలా నెమ్మదిగా వాయిస్తోంది. పిన్ను పడితే వినపడేంత నిశ్శబ్దం.

ఢాం.

నేల కిందినుంచి ఎవరో ఎత్తి కుదేసినట్టయింది. కుర్చీ కదిలింది. పైనుంచి సున్నం రాలింది, తర్వాత రెండు పెంకులు ధన్‌మని నడవలో పడి పగిలాయి. తోరణాలు ఊగాయి.

తర్వాత ఏం జరిగిందో నాకు క్రమంలో గుర్తులేదు. చర్చి కూలుతోందనుకున్నాను. నల్ల చొక్కాలవాళ్ళు ఒక్కసారిగా లేచారు. నేను వాళ్ళకంటే ముందు లేచాను. ఎవరిదో కాలు తొక్కాను. ఆ కాలు ఆశీర్వాదానిదని రాత్రి అన్నం తినేటప్పుడు తెలిసింది. టోపీ ఆయన్ని దాటుకుని గుమ్మం బయటపడ్డాను. యాభై నాలుగేళ్ళ వయసులో అంత వేగం నాలో ఉందని నాకు తెలియదు. గేటు దగ్గర ఆగి వెనక్కి తిరిగి చూస్తే, బయట ఇరవై ఆరుగురం ఉన్నాం. అందరమూ సంగీతం తెలిసినవాళ్ళమే.

లోపలున్న డెబ్బై మందిలో ఒక్కరు కూడా లేవలేదు.

అప్పుడు మార్తమ్మ గొంతు వినపడింది: “తలుపులు మూయుండ్రి, దుబ్బ వస్తది!”

కిటికీలు టకటకా మూసుకున్నాయి. పెద్ద తలుపు మూసుకుంది, లోపల గడియ పడింది. వాళ్ళకు ఇది రోజూ ఉండే పని. పేలుడు తర్వాత నిమిషంలో ధూళి వస్తుంది, తలుపులు వేసుకుంటారు, మళ్ళీ వాళ్ళ పనిలో పడతారు. ధూళి నిజంగానే వచ్చింది, బూడిదరంగులో, చెట్ల మీదుగా. నల్ల చొక్కాలవాళ్ళు కార్లలోకి దూరి అద్దాలు ఎక్కించుకున్నారు. నాకు కారు లేదు.

మెట్ల మీద

చర్చి గుమ్మం ముందు మెట్లు, చిన్న చావడి ఉన్నాయి. అక్కడికి పరుగెత్తితే ముందే ఒకతను ఉన్నాడు. విక్రాంత్. మెడలో గిటారు, కాళ్ళకు మేజోళ్ళు, వెనక పదిగజాల వైరు తోకలాగా ఈడ్చుకుంటూ. ప్లగ్గుతో సహా పీక్కుని వచ్చేశాడు.

“భూకంపమా అంకుల్?” అన్నాడు.

“తెలియదు బాబూ,” అన్నాను, ఫిజిక్స్ లెక్చరర్ని.

అప్పుడు లోపల కీబోర్డు మొదలైంది. మేఘన బయటికి రాలేదు. పాట ఎక్కడ ఆగిందో అక్కడే, అదే నెమ్మదిగా, అందుకుంది. బేస్ కలిసింది. తర్వాత డ్రమ్స్. విక్రాంత్ తలుపు మీద కొట్టాడు. రెండు చేతులతో కొట్టాడు. డ్రమ్స్‌తో పాటు ఇంకో డ్రమ్ములాగా కలిసిపోయింది. ఎవరూ తీయలేదు.

“అంకుల్, నా సోలో దగ్గరికి వస్తున్నారు,” అన్నాడు.

విన్నాను. వస్తున్నారు.

“వచ్చేశారు...” గిటారు మీద చెయ్యి వేశాడు. దానికి ప్రాణం లేదు. “అంకుల్, దాటిపోతున్నారు.”

దాటిపోలేదు. అక్కడ ఆగారు. గిటారు ఉండాల్సినచోట ఖాళీ పెట్టి, డ్రమ్స్ ఒక్కటే ఏడులో నడుస్తోంది. ఆ ఖాళీలోకి ఒక కంజర వచ్చింది. దాని వెనక చప్పట్లు. ముందు పదిమందివి, తర్వాత ఇరవై, తర్వాత లోపల ఉన్నవాళ్ళందరివీ. మూడు, నాలుగు, మూడు, నాలుగు, ఎక్కడా జారడం లేదు. నేను వేళ్ళు ముడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఐదో రౌండులో తప్పాను. వాళ్ళు తప్పలేదు. డ్రమ్స్ అతను వాళ్ళను తప్పించాలని రెండుసార్లు అటూ ఇటూ లాగి చూశాడు, వీలుకాలేదు. చివరికి అతనే వాళ్ళ వెంట పోయాడు.

నాకు ఆ మెట్ల మీద కూర్చున్నప్పుడు వెలిగింది. వాళ్ళ కీర్తనలు సగం ఇదే నడకలో ఉంటాయి. మిశ్రచాపు. మా అమ్మ వంటింట్లో పాడిన పాటలూ అందులోనే ఉండేవి. దుబాయి నుంచి సూట్‌కేసులో వస్తే తప్ప నాకు అది విద్యలాగా కనపడలేదు.

తర్వాత ఆడవాళ్ళ గొంతులు వచ్చాయి, మాటల్లేకుండా, మేఘన వాయించిన వరుసనే ఎత్తుకుని. తలుపు అవతలి నుంచి అది మాకు సన్నగా వినపడింది. విక్రాంత్ గిటారు పక్కన పెట్టి తలుపుకు చెవి ఆనించాడు. కాసేపయ్యాక నేనూ ఇంకో రెక్కకు ఆనించాను. ఇద్దరి జుట్టూ ధూళికి నెరిసిపోయింది. నాది ముందే నెరిసింది గనక నష్టం తక్కువ.

“మేం ఎప్పుడూ ఇంత బాగా వాయించలేదు అంకుల్,” అన్నాడతను. ‘మేం’ అని ఎందుకన్నాడో నేను అడగలేదు.

పంచాయితీ

ఆరుకు పది నిమిషాల ముందు తలుపులు తెరుచుకున్నాయి. జనం చెమటలు తుడుచుకుంటూ, నవ్వుకుంటూ వచ్చారు. ఆశీర్వాదం మాత్రం రాలేదు. లోపల చర్చి పెద్దలు నలుగురు పగిలిన రెండు పెంకులను చుట్టుముట్టి నిలబడ్డారు, అతను వాళ్ళ ముందు చేతులు కట్టుకుని ఉన్నాడు. టెస్టరు జేబులోంచి తీసి చేతిలో పట్టుకున్నాడు, తాళాలు అప్పజెప్పే మనిషిలాగా.

“ఏమన్న అయితె ఒదిలేస్తనంటివి గద,” అన్నాడు ఒక పెద్దాయన.

“అన్నమాట నిజమే. ఒదిలేస్త,” అన్నాడు ఆశీర్వాదం.

మార్తమ్మ కంజర చంకలో పెట్టుకుని మధ్యకు వచ్చింది. ఆవిడ పెనిమిటి ఈ చుట్టుపక్కల గనుల్లో ముప్పై ఏళ్ళు చేసి పోయాడట. “గా పెంకులు పడ్డది బ్లాస్టింగ్‌కు. పాటకు కాదు. పాట మోగినంతసేపు ఒక్క పెంక కదిలిందా? నేను పైకే సూస్తున్న.”

“అది రాక్ అంటమ్మా. రాకడ కాదంట,” అన్నాడు ఇంకో పెద్దాయన నిష్టూరంగా.

“ఏదైతేంది? ఢామ్మన్నది, నిజంగనే రాకడ వచ్చెనేమో అనుకున్నరు గా పట్నపోల్లు. ఉరికిన్రు గద,” అంది మార్తమ్మ. “మనోళ్ళు ఉన్నకాడ్నే ఉండిరి. ఇంతకంటె సాక్ష్యమేం గావాలె?”

పాస్టరుగారు నవ్వారు. ఆయన నవ్వాక పెద్దలకు కోపంగా ఉండడం కష్టమైంది. కాసేపు గుసగుసలాడి తీర్పు చెప్పారు: ఆశీర్వాదం సెక్రటరీగానే ఉంటాడు. వచ్చే ఏడు మళ్ళీ పెట్టుకోవచ్చు. ఒకే ఒక్క మాట. “గా గిటారు లేకుంటెనే మంచిగుండె,” అన్నాడు మొదటి పెద్దాయన. “గాయిన రాకపోయినా ఏం గాదు.”

గాయిన నా పక్కనే నిలబడి ఉన్నాడు, వైరు చుట్టుకుంటూ.

ఆ రాత్రి ఆశీర్వాదం మమ్మల్ని లాడ్జికి పోనివ్వలేదు. తనే జొన్న రొట్టెలు కొట్టాడు, కోడికూర వండాడు, పచ్చిమిరపకాయలు రోట్లో నూరి ‘ఠేచా’ అని పెట్టాడు. ఆదిలాబాద్ వైపు మరాఠీ వాళ్ళ నుంచి వచ్చిన వంట. కన్నీళ్ళు పెట్టుకోవడానికి అది మంచి అవకాశం. కాలి బొటనవేలికి గుడ్డ కట్టుకుని ఉన్నాడు. ఏమైందని అడిగితే చెప్పాడు, ఎవరు తొక్కారో మాత్రం చెప్పలేదు. సరోజ చెప్పింది.

క్షమించమన్నాను. నాలుగేళ్ళుగా అతనికి పాఠాలు చెప్పినందుకు కూడా కలిపి అన్నాను.

“అయ్యో, గట్లనకుండ్రి సార్,” అన్నాడు. రొట్టె ఇంకొకటి వేశాడు. “మీ కుర్చీల ఎవ్వర్ని కూసోనియ్యలే. మల్ల వస్తరేమో అని ఆఖరుదాక సూసిన.”

అతను నన్ను పొడవడానికి అనలేదు. అందుకే అది ఇంకా లోపల గుచ్చుకునే ఉంది.

కరీంనగర్ బస్సు, ఆదివారం

తిరుగు బస్సులో గోదావరి వంతెన దాటేదాకా ఓపికపట్టాను. తర్వాత నేను ఆగలేకపోయాను. లోపల ఎలా ఉందో చెప్పమన్నాను. ముప్పై ఏళ్ళ అభిమానిని, వంటింటి తలుపు వేసుకునే మనిషిని అడుక్కుంటున్నాను.

“మంచిగుండె,” అంది సరోజ.

అంతేనా అన్నాను.

కిటికీలోంచి చూస్తూ చెప్పింది. “చిన్నప్పుడు భూమిలోపటనే పేల్చేది. మా బాపు సెకండ్ షిఫ్టుల ఉంటె, గట్ల అదిరినప్పుడల్ల అవ్వ కిటికీ మూసి దాని పక్కనే నిలబడేది. అదిరినంక సైరన్ మోగకుంటె అంత మంచిగున్నట్టు. మోగితె లోపట ప్రమాదమైనట్టే, గని దిక్కు ఉరుకుడే. అదే జెప్పబోయిన నిన్న, గా ఇంటికాడ. నీకు టైమైంది.”

నేను చేతి గడియారాన్ని చొక్కా కిందికి తోశాను.

“నిన్న చర్చిల కిటికీ నేనే మూసిన. మూసినంక గా పిల్ల మల్ల వాయిచ్చుడు షురూ చేసింది. సైరన్ మల్ల మోగలే. నాకు ఎంత ఏడుపొచ్చిందో. మార్తమ్మ చెయ్యి పట్టుకుంది.” చేత్తో మొఖం తుడుచుకుంది. “నీ ఏడు లెక్క గూడ కొట్టిన. కష్టమేం లేదు.”

“నన్ను ఆపాల్సింది,” అన్నాను. నేరం పంచుకునే మనిషి కోసం వెతుకుతున్నానని నాకే వినపడింది.

“పిలిచిన,” అంది. “భయం లేదు, కూసో, గది రోజుండేదే అని పిలిచిన. నువ్వు ఉరుకుతనే ఉన్నవు.”

“వినపడలేదు.”

“రెండుసార్లు పిలిచిన. రెండోసారి పేరు పెట్టి పిలిచిన.”

ఇరవై ఎనిమిదేళ్ళలో సరోజ నా పేరు పలకలేదు. ఓటరు లిస్టు రాసేవాళ్ళు వచ్చి అడిగినా, ఆసుపత్రిలో అడిగినా, నా కార్డు తీసి చూపించేది. నిన్న డెబ్బై మంది మధ్య, ఆ ఎత్తయిన పైకప్పు కింద, గట్టిగా పిలిచిందట. మార్తమ్మ విన్నది. మేఘన విన్నది. చర్చి పెద్దలు విన్నారు.

ఇంకొకసారి పిలవమన్నాను. బస్సులో ఎవరూ వినరన్నాను.

సరోజ నా వైపు తిరిగి, కొంచెం సేపు చూసి, సంచిలోంచి సర్వపిండి తీసి నా చేతిలో పెట్టింది.